పటంలో లేని గూళ్లు

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"ఇన్నేళ్లు గుట్టల్లో, అడవుల్లో తిరిగినవు కదా, పక్షులు, జంతువులు ఉండే చోట్లను పటాలకెక్కించే పని గురించి నాలుగు మాటలు చెప్పు" అని సంఘం వాళ్లు నన్ను అడిగారు. పటం అనగానే మనలో చాలామందికి సోషల్ సార్ గోడకు తగిలించిన తెలంగాణ పటమో, పరీక్షలో నదులు గుర్తించమని ఇచ్చిన ఖాళీ పటమో గుర్తుకొస్తుంది. ఈరోజు చెప్పబోయేది కూడా ఖాళీ పటం సంగతే. కాకపోతే ఇందులో గుర్తించాల్సినవి నదులు కాదు, గూళ్లు.

దసరా నాడు జమ్మి దగ్గరికి పోయేటప్పుడు పాలపిట్ట కనిపిస్తే మనం చేతులెత్తి మొక్కుతాం. అది మన రాష్ట్ర పక్షి. మరి ఆ పాలపిట్ట గుడ్లు ఎక్కడ పెడుతుంది? ఈ ప్రశ్న చాలా సభల్లో అడిగాను. జవాబు చెప్పినవాళ్లు తక్కువ. చెప్పినవాళ్లలో ఎక్కువమంది గౌడన్నలే. ఎందుకంటే అది చెట్టు తొర్రలో పెడుతుంది. మన దిక్కు ఎక్కువగా తల విరిగి ఎండిపోయిన తాటిమోడు తొర్రలో. మార్చి నుంచి జూన్ దాకా దాని కాపురం అక్కడే. పొలం గట్టు సాపు చేయాలంటే మనం మొట్టమొదట కొట్టేసేది ఆ మోడునే. పిట్టకు మొక్కుతాం, దాని ఇంటిని కూలుస్తాం. తెలిసి కాదు, అది ఇల్లని ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి.

చట్టం మాత్రం రాసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థం చదివితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. తుపాకీ, ఉచ్చు మాత్రమే వేట కాదు. అడవి పక్షుల, సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. యాభై ఏళ్ల కిందటే గూటికి చట్టంలో రక్షణ ఉంది. లేనిదల్లా ఆ గూడు ఎక్కడుందో చెప్పే కాగితం.

ప్రభుత్వ రికార్డుల్లో అడవి జంతువు అంటే అడవిలో ఉండేది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1950ల మొదట్లోనే ఏర్పడ్డాయి. వాటికి హద్దురాళ్లున్నాయి, బీట్లున్నాయి, బీట్ ఆఫీసర్లున్నారు. నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్క జరిగినప్పుడు ప్రతి బీట్‌లో సిబ్బంది నడిచి అడుగుజాడలు, పెంటికలు, చెట్ల మీద గోళ్ల గీతలు రాసుకుంటారు. కెమెరాలు కడతారు. ఆ లెక్కలో ఎంతో శ్రమ ఉంది, ఆ సిబ్బందికి నా నమస్కారం. కానీ పక్షికి హద్దురాయి కనిపించదు. గుట్ట, చెరువు శిఖం, పడావు భూమి, వాగు ఇసుక, తాటివనం... ఇవేవీ అభయారణ్యం పటంలో ఉండవు. గూళ్లలో ఎన్నో మాత్రం ఇక్కడే ఉంటాయి.

మన పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబర్‌లో ముక్కలైంది. అందులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ మూడు రకాల నేలలు. ఒక్కోచోట సమస్య ఒక్కో తీరు. వరుసగా చెబుతాను.

జనగామది మెట్టనేల. పాలకుర్తి, జఫర్‌గఢ్ దారుల్లో బస్సులో పోతుంటే రెండు పక్కలా కనిపించే బండలగుట్టలను మనం 'ఉత్త రాళ్లు' అంటాం. ఆ రాళ్ల అరుగుల మీద కొమ్ముల గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. గూడేమీ కట్టదు, బండ చాటున చదునైన నేలే దాని గూడు. చలికాలంలో గుడ్లు పెడితే పొదగడానికి ఐదు వారాల దాకా పడుతుంది. పిల్లలు ఎగిరినా నెలల తరబడి తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. అది ప్రధానంగా తినేది ఎలుకలనే, అంటే రైతుకు ఖర్చులేని కావలికాడు. మంచి చోటు దొరికితే ఏటా అక్కడికే వస్తుంది. అందుకే దాని గూటిని పటంలో పెట్టడం సులువు. ఆ చోటును పోగొట్టడం కూడా అంతే సులువు.

కొన్నేళ్ల కిందట ఆ దిక్కు ఒక ఊళ్లో, పేరు చెప్పను, గొర్రెలు కాసే ఒక కురుమన్న నన్ను గుట్ట మీదికి తీసుకుపోయాడు. బండ మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు, కింద ఎలుక ఎముకలు, వెంట్రుకలు కలిసిన ఉండలు. పైన అరుగు మీద తల్లి కూర్చుంది. "మా నాయిన కాలం నుంచీ ఇక్కడనే ఉంటది సార్" అన్నాడు. ఆ తర్వాతి ఏడే ఆ గుట్టకు క్వారీ దరఖాస్తు వచ్చింది. అందులో వన్యప్రాణుల వివరాలు రాసేచోట 'లేవు' అని ఉంది. రాసినవాళ్లు అడవి పటం చూశారు, అక్కడ అడవి లేదు, కాబట్టి వన్యప్రాణి లేదు. ఊరివాళ్లు ఇచ్చిన అర్జీలో దుమ్ము సంగతి ఉంది, బోర్లు ఎండిపోతాయనే భయం ఉంది, గుడి గోడలు బీటలు వారుతాయనే మాట ఉంది. గుడ్లగూబ మాట లేదు. అదొక రాయదగిన సంగతని ఎవరికీ తోచలేదు. రెండేళ్లకు మళ్లీ పోతే ఆ అరుగూ లేదు, అరుగున్న బండా లేదు. ఆ కురుమన్న నాతో అన్న మాట ఒక్కటే: "అడిగితే చెప్పేటోన్ని గద సార్, అడగలే."

క్వారీలు వద్దని నేను అనను. ఈ హాలు పునాదిలో ఉన్నది కూడా ఏదో గుట్ట రాయే. నేనడిగేది, ఏ గుట్ట తీయాలో నిర్ణయించే రోజున ఆ గుట్ట మీద ఎవరు కాపురముంటున్నారో బల్ల మీది కాగితంలో ఉండాలని. దానికి దారి ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం చిన్నతరహా ఖనిజాలకు ప్రతి జిల్లాకూ ఒక సర్వే నివేదిక తయారుచేయాలి. దాని ముసాయిదాను 21 రోజులు ప్రజల ముందు ఉంచాలి. ఐదేళ్లకోసారి సవరించాలి. ఆ 21 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు. ఫోటో, తేదీ, అక్షాంశ రేఖాంశాలతో ఒక గూటి వివరం అందులో చేరితే, తర్వాత ఎవరూ 'లేవు' అని తేలికగా రాయలేరు.

ఇక మహబూబాబాద్. గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు అడవి, ఇటు బయ్యారం, గార్ల వైపు చెరువులు. చెరువు నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్లు కొంగలకు, నీటికాకులకు మంచి గూళ్ల తావులు. చుట్టూ నీళ్లుంటే పిల్లి, పాము తేలిగ్గా రాలేవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు. రైతుకు మంచి పని. అయితే పూడిక తీసే మిషన్‌కు ఏ తుమ్మచెట్టు మీద గూళ్లున్నాయో తెలియదు. తెలిసిన చేపలు పట్టే అన్నను ముందుగా అడిగితే, నాలుగు చెట్లు వదిలేసి చుట్టూ పూడిక తీయడం పెద్ద పనేమీ కాదు.

ఇక్కడ బయ్యారం శాసనం సంగతి ఒకటి చెప్పాలి. కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. అందులో రాసిన వంశక్రమం వల్లనే కాకతీయుల పూర్వీకుల గురించి చరిత్రకారులకు ఎంతో తెలిసింది. రాతి మీద రాసిన నాలుగు మాటలు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత సాక్ష్యానికి వచ్చాయి. రాయనివి ఎన్ని పోయాయో ఎవరికి తెలుసు?

అయితే ఆ అడవి మండలాల్లో పటం అనగానే జనానికి వేరే భయం. నేను జీపీఎస్ చేతిలో పట్టుకుని ఒక గూడెంలోకి పోతే అక్కడి పెద్దమనిషి మంచినీళ్లిచ్చి, "మీరు గీత గీసినంక మేం గీతకు ఇవుతల ఉంటమా, అవుతల ఉంటమా?" అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. పోడు భూమి మీద బతికే కోయలకు, లంబాడీలకు అడవి పటాల వల్ల జరిగిన నష్టం వాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం దీనికి ఒక జవాబు చెప్పింది. ఒక ప్రాంతాన్ని వన్యప్రాణులకు కీలక ఆవాసంగా ప్రకటించి అక్కడి హక్కులను మార్చాలంటే, ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, గ్రామసభ అన్నీ తెలుసుకుని స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. కాబట్టి గూళ్ల పటం గీసేవాళ్లు మొదట పోవాల్సింది గ్రామసభకు. అక్కడ కాగితం పరిచి, ఇది ఎందుకు, ఎవరి దగ్గర ఉంటుంది, దీంతో ఏం చేస్తారు, ఏం చేయరు అని చెప్పాలి. అలా చెప్పిన గూడేల్లో నాకు దొరికిన సమాచారం ఏ ఉపగ్రహ చిత్రంలోనూ దొరకలేదు. ఎలుగుబంటి ఏ గుహలో పిల్లలను పెడుతుందో, ఒంటినిండా పొలుసులుండే అలుగు ఏ పుట్టల దగ్గర తవ్వుతుందో వాళ్లు నెలతో సహా చెబుతారు.

భూపాలపల్లికి వద్దాం. మహాముత్తారం, పలిమెల, మహదేవపూర్ అడవులు, వాటి అంచున గోదావరి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలుస్తుంది. నదికి అవతల మహారాష్ట్ర, ఇంకా కిందికి పోతే ఛత్తీస్‌గఢ్. పెద్దపులి ఈ మధ్య ఇటు వచ్చిపోతోందంటే కారణం ఆ అడవులన్నీ ఒకదానికొకటి తగిలి ఉండటమే. పులి గురించి పేపర్లు రాస్తాయి. ఎవరూ రాయనిది ఇసుక గురించి. ఎండాకాలం నది సన్నబడినప్పుడు బయటపడే ఇసుక తిన్నెల మీద, మధ్యలో ఏ చెట్టూ లేని చోట, రివర్ టెర్న్ లాంటి పక్షులు చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఇసుక రంగు, గుడ్డు రంగు ఒకటే. మూడడుగుల దూరం నుంచి కూడా కనిపించవు. బ్యారేజీ నీళ్లు నిలిస్తే తిన్నె మునుగుతుంది, నీళ్లు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి, లేదంటే ఇసుక లారీ చక్రం ఎక్కుతుంది. ఏ తిన్నె మీద మార్చి నుంచి మే దాకా గుడ్లుంటాయో పటం ఉంటే, ఆ మూడు నెలలు లారీల దారిని పక్క తిన్నెకు మార్చవచ్చు. తిన్నె మొత్తం వదులుకోమని కూడా ఎవరూ అనడం లేదు.

అక్కడి నుంచి ప్రాణహిత వెంట ఎగువకు పోతే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ గుట్ట అంచుల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఈ రాబందు జంట ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అందుకే ప్రతి గూడూ ఒక లెక్కే. పాలరాపులో గూళ్లు తెలిశాయి కాబట్టి అటవీశాఖ వాటిని గమనించడం, కాపాడటం మొదలుపెట్టింది. తెలియని గుట్టను ఎవరు కాపాడతారు?

పటం లేకపోతే నష్టాన్ని కూడా కొలవలేం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన పెనుగాలికి ఒక్క సాయంత్రంలో 50 వేలకు పైగా చెట్లు కూలినట్టు అధికారులు అంచనా వేశారు. కూలిన చెట్లను ఉపగ్రహ చిత్రాలతో, డ్రోన్లతో కొలిచారు. ఆ చెట్ల మీద ఏ పక్షుల గూళ్లు ఎన్ని పోయాయో చెప్పడానికి మాత్రం అంతకుముందు గీసిన పటం కావాలి.

ఇదంతా జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. కడప జిల్లా కలివికోడి కథ వినండి. జెర్డాన్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలో మొదట కనుగొన్న ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడిగారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో, రాత్రిళ్లు పొదల్లో తిరిగే అలవాటున్న స్థానికుల వల్లే అది మళ్లీ దొరికింది. తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి, దాని మీద పడిన అడుగుజాడలతో అది తిరిగే చోట్లను గుర్తించారు. ఉపగ్రహ చిత్రాలతో కలిపి, అలాంటి పొదనేల ఇంకా ఎక్కడుందో గీశారు. తెలుగుగంగ కాలువ ఆ నేల మీదుగా రాబోతుంటే ఆ పటమే సాక్ష్యమైంది, కాలువ దారి మారింది. జానెడు పిట్ట కోసం కాలువ దారి మార్చగలిగారంటే అది కాగితం బలం, ఆ కాగితం వెనక ఊరివాళ్ల కళ్ల బలం.

ఇప్పుడు ఒక హెచ్చరిక, ముఖ్యంగా వెనక వరుసల్లోని పిల్లలకు. గూడు ఎక్కడుందో రాయడం వేరు, చాటింపు వేయడం వేరు. గుడ్లగూబను క్షుద్రపూజలకు, అలుగును పొలుసులకు, నక్షత్ర తాబేలును అమ్మకానికి ఎత్తుకుపోయేవాళ్లున్నారు. వాళ్లకు మీ వాట్సాప్ స్టేటసే దారి చూపుతుంది. ఫోన్లో తీసిన ఫోటోలో చాలాసార్లు ఆ చోటు వివరం కూడా దాగి ఉంటుంది. ప్రపంచమంతా పక్షుల వివరాలు నమోదుచేసే ఈబర్డ్ కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల ఖచ్చితమైన చోటును అందరికీ చూపించదు. మనం కూడా రెండు పటాలు గీద్దాం. ఊరికి తెలిసేది ఒకటి, 'ఈ గుట్టలో గూళ్లున్నాయి' అన్నంత వరకు. అధికారికి, కమిటీకి ఇచ్చేది ఒకటి, సరైన కొలతలతో. ఇంకో మాట: ఫోటో కోసం గూటి దగ్గరికి పోకండి. తల్లి లేచిపోతే ఎండకు గుడ్డు ఉడికిపోతుంది. దూరం నుంచి చూసినది రాస్తే చాలు.

మరి ఏ కాగితం మీద రాయాలి? కొత్త పుస్తకం అచ్చువేయనవసరం లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామపంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరివాళ్లను అడిగి ఆ ఊరి చెట్లు, చేమలు, పక్షులు, జంతువుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడం దాని ముఖ్యమైన పని. నేను చూసిన చాలాచోట్ల ఆ రిజిస్టర్ బీరువాలో ఉంది. కొన్నిచోట్ల ఒక ఊరి రిజిస్టర్‌లో ఉన్న జాబితానే పక్క ఊరి రిజిస్టర్‌లోనూ ఉంది. దాన్ని తెరిపించి, నిజంగా నింపించడమే ఈ పనిలో మొదటి మెట్టు. అది చట్టం గుర్తించిన రికార్డు. అదే చట్టం కింద సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పక్షుల వివరాలు ఓపికగా రాసిపెట్టినవాళ్లు లేకపోతే ఆ చెరువు కూడా అన్ని చెరువుల్లాంటిదే అయ్యేది.

ఈ హాల్లోనే దీనికి కావాల్సిన మనుషులంతా ఉన్నారు. మనలో రెవెన్యూలో పనిచేసినవాళ్లున్నారు, సర్వే నంబరు చెబితే గుట్ట హద్దు చెప్పగలరు. హైదరాబాద్‌లో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లున్నారు, చుక్కలను పటం మీద పెట్టడం వాళ్లకు ఒక పూట పని. లాయర్లున్నారు, సర్పంచులుగా చేసినవాళ్లున్నారు. ఊళ్లోనే ఉండిపోయి వ్యవసాయం, గొర్లకాపరి పని, గీతపని చేసేవాళ్లున్నారు. ఇలాంటి సభల్లో వాళ్లే వెనక నిలబడతారు, ఈ పనిలో మాత్రం వాళ్లే ముందు నడవాలి. ఇక సార్లు, మేడమ్‌లు. బడుల్లో జాతీయ హరిత దళం ఉంది. ఏడాదికి ఒక మొక్క నాటి ఫోటో దిగడంతో అది ఆగిపోకూడదు. ఎనిమిది, తొమ్మిదో తరగతి పిల్లలు తమ తాతనో అమ్మమ్మనో ఐదు ప్రశ్నలు అడిగి రాసుకొస్తే చాలు: ఏ పక్షి లేదా జంతువు, ఎక్కడ, ఏ నెలలో, ఎన్నేళ్ల నుంచి, ఇప్పుడూ ఉందా లేదా. తర్వాత పెద్దవాళ్లెవరైనా తోడుపోయి దూరం నుంచి చూసి ఖాయం చేయాలి. ఖాయమైనది మాత్రమే పటం మీదికి. 'ఇప్పుడు లేదు' అనే జవాబు కూడా రాయండి, అది కూడా సమాచారమే.

సంఘానికి నా విన్నపం ఒక్కటి. స్వర్ణోత్సవ నిధిలోంచి ఆర్చీలు, ఫ్లెక్సీలకు పోగా మిగిలినదానిలో కొంత, మన బడికి పిల్లలు వచ్చే ఊళ్ల గూళ్ల పటానికి కేటాయించండి. పెద్ద మొత్తం అక్కరలేదు. రెండు దుర్భిణులు, పక్షుల పుస్తకాలు నాలుగు, ఒక దళసరి రిజిస్టర్ చాలు. మొదటి ఏడు తాటిమోళ్లతోనే మొదలుపెడదాం. మార్చి నెలలో ఏ మోడులోకి పాలపిట్ట పోతోందో చూసి, ఆ పొలం రైతు దగ్గరికి పోయి, "అన్నా, దీన్ని జూన్ దాకా కొట్టకు" అని చెబుదాం. నాకు తెలిసిన రైతుల్లో కాదనేవాళ్లు తక్కువ.

 భోజనాల తర్వాత వేపచెట్టు కింద ఒక బల్ల మీద మన చుట్టుపక్కల ఊళ్ల పెద్ద పటం, పక్కనే పెన్సిళ్లు పెట్టిస్తున్నాను. తెలిసినవాళ్లు వచ్చి గుర్తు పెట్టిపోండి.